సగ, వియ్యం, సర్పంచ్



ఏజెన్సీలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా పట్నం నుంచి వెళ్లినవాళ్లు మొదట అడిగేది ఒక్కటే. ఈ ఊళ్లో ఏ పార్టీకి బలం ఉంది? గోండు గూడెంలో పెద్దమనిషి మర్యాద కోసం ఏదో ఒక జవాబు చెప్పి, చాయ్ తాగించి పంపిస్తాడు. ఆయన లోపల వేసుకునే లెక్క వేరు. నిలబడ్డవాడి ఇంటిపేరేమిటి, వాడిది ఏ సగ, వాడికి పిల్లనిచ్చిన ఊరేది, వాడి అక్కచెల్లెళ్లు ఏయే గూడేలకు కోడళ్లుగా వెళ్లారు, పోయిన ఎండాకాలం వాడి తమ్ముడి పెళ్లి తగువులో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు. ఈ లెక్క తెలియకపోతే ఆదిలాబాద్ కొండల్లో రాజకీయం మనకు అర్థమైనట్టే ఉంటుంది, ఫలితాలు వచ్చేదాకా.

ఈ రోజు ఆ లెక్క గురించే మాట్లాడుకుందాం.

ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో ఏ గూడెం ఓటర్ల జాబితా తీసినా కొన్ని ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మెస్రం, మడావి, ఆత్రం, గేడం, కుమ్ర, తొడసం, సిడాం, టేకం. ఇవి చూడడానికి విడివిడి ఇంటిపేర్లే. కానీ రాజ్‌గోండుల దగ్గర ఇవన్నీ నాలుగు సగల కింద చేరతాయి. ఏడుగురు అన్నదమ్ముల సగ, ఆరుగురిది, ఐదుగురిది, నలుగురిది. గోండుల వీరపురుషుడు పహండి కుపార్ లింగో వాళ్లను ఇలా విడదీశాడని వాళ్ల కథకులైన ప్రధాన్‌లు కీక్రి వాయిస్తూ కథ చెబుతారు. ఒకే సగలో పుట్టినవాళ్లు ఇంటిపేర్లు వేరైనా, ఊళ్లు వేరైనా, ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడకపోయినా అన్నదమ్ములే, అక్కచెల్లెళ్లే. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. మిగతా మూడు సగలవాళ్లు వరసకు బావలు, బామ్మర్దులు, మేనమామలు, మేనత్తలు. మన ఇళ్లలో మాదిరే మేనరికం అక్కడా చెల్లుతుంది.

మన పల్లెల్లో గోత్రం పెళ్లిచూపుల రోజు, శుభలేఖ రాసేరోజు గుర్తొస్తుంది. ఆ తర్వాత దాని పని అయిపోయినట్టే. గోండు గూడెంలో సగ అలా కాదు. కొత్త మనిషి ఊళ్లోకి వస్తే ముందు తేలాల్సింది అదే. సగ తెలిసిందంటే ఆ మనిషిని ఏమని పిలవాలో తెలుస్తుంది, ఎవరితో వేళాకోళం ఆడొచ్చో, ఎవరి ముందు తల వంచుకోవాలో, ఎవరి చావుకి ఏ పని చెయ్యాలో అన్నీ తెలుస్తాయి. ఊరంతా చుట్టరికమే. ఆ చుట్టరికం రెండు రకాలు: పుట్టుకతో వచ్చే అన్నదమ్ముల వరస, పెళ్లితో కలిసే వియ్యం వరస.

నా దృష్టిలో గూడెం రాజకీయానికి ఇరుసు ఇక్కడే ఉంది. బయటివాళ్లం మనం ఒక వంశమంటే ఒక ఓటుమూట అనుకుంటాం. మెస్రంవాళ్లు మెస్రంవాడికే వేస్తారు, ఆత్రంవాళ్లు ఆత్రంవాడికే వేస్తారు అని లెక్క కడతాం. జరిగేది చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది. పోటీ అన్నదమ్ముల మధ్యే పుడుతుంది. ఎందుకంటే అడగడానికి హక్కున్నది వాళ్లకే. పట్లా, అంటే ఊరిపెద్ద పదవి, ఊరు కట్టినవాడి వంశంలో తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అన్న పట్లా అయితే తమ్ముడికి మనసులో ఒక ముల్లు ఉంటుంది. భూమి పంచుకునేదీ వాళ్లే, వంశదేవత పెర్సాపేన్ పూజలో ముందు ఎవరు నిలబడాలన్న మాట వచ్చేదీ వాళ్ల మధ్యే. బావకి ఆ పదవి మీద హక్కు లేదు, ఆ భూమిలో వాటా లేదు. హక్కు లేదు కాబట్టి అతని మద్దతు మీద అనుమానం ఉండదు. గూడెంలో నాయకుడు కావాలనుకునేవాడు అన్నదమ్ములతో నెగ్గుకురావాలంటే బావమరుదుల బలం కావాలి.

ఊళ్లు కట్టుకున్న తీరులోనే ఇది ఉంది. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. మార్లవాయిలో కాపురం పెట్టి, వాళ్లతో కలిసి బతికి రాసినవాడు. ఆయన రాసినదాన్ని బట్టి పాత రోజుల్లో గోండు ఊరు ఒక సగ ఊరు కాదు. ఒకడు అడవి కొట్టి ఊరు కడతాడు. అతని వెంట అన్నదమ్ములు కొందరు వస్తారు. ఆ తర్వాత చెల్లెలి మొగుడు వస్తాడు, అల్లుడు వస్తాడు, భార్య తమ్ముడు వస్తాడు. పట్లా మంచివాడైతే, ఎడ్లూ విత్తనాలూ బదులిస్తాడని పేరుంటే, ఊరు పెరుగుతుంది. చెడ్డవాడైతే నాగలి భుజాన వేసుకుని ఇంకో ఊరికి, ఇంకో బావ దగ్గరికి వెళ్లిపోతారు. అసమ్మతి చెప్పే పద్ధతి అదే. ఓటు లేని రోజుల్లో కాళ్లే ఓటు.

అడవికి గీతలు పడ్డాక ఆ దారి మూసుకుపోయింది. రిజర్వు ఫారెస్టు అన్నారు, అందులో అడుగు పెట్టకూడదన్నారు. తర్వాత హైమన్‌డార్ఫ్ చొరవతోనే వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. పట్టా రావడం మేలే. అందులో రెండో మాట లేదు. అయితే పట్టా ఉన్న మనిషి ఊరు వదలలేడు. పట్లాతో పడకపోయినా, అన్నతో పడకపోయినా అక్కడే ఉండాలి, అక్కడే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడానికి తర్వాత వార్డు మెంబరు పదవి, సర్పంచ్ పదవి, కో-ఆపరేటివ్ సొసైటీ పదవి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. గూడేల్లో పార్టీ తగువులని మనం పేరు పెట్టినవాటిని తవ్వి చూస్తే అడుగున అన్నదమ్ముల పాత తగువు కనిపించడం అరుదేమీ కాదు.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్యమాసం అమావాస్య నాడు మొదలయ్యే నాగోబా జాతర సంగతి తీసుకుందాం. నాగోబా మెస్రం వంశం దేవుడు. ఒక్క వంశం దేవుడు. జన్నారం మండలంలో గోదావరి ఒడ్డున హస్తినమడుగు ఉంది. అక్కడి దాకా మెస్రంవాళ్లు కాలినడకన వెళ్లి ఝరి అనే కలశంలో నీళ్లు తెస్తారు. వచ్చిన కుటుంబాలు ఎన్నైనా, వాళ్లు బస చేసే గోవాడలో పొయ్యిలు 22. ఎవరు ఏ పొయ్యి మీద వండుకోవాలో వంశంలో కితల, అంటే శాఖల, ప్రకారం ముందే తేలి ఉంటుంది. ఇదంతా అన్నదమ్ముల వ్యవహారం. కానీ జాతరలో పుట్టలు ఎవరు చేస్తారు? ఆ వంశం ఆడబిడ్డలు, వాళ్ల భర్తలు. అంటే వేరే సగలో పుట్టిన అల్లుళ్లు. కోనేటి నుంచి నీళ్లు తెచ్చి మట్టి తడిపి పుట్టలు చేసేది వాళ్లే. మెస్రంవాళ్లు ఎంతమంది ఉన్నా, ఎంత గొప్పవాళ్లైనా, అల్లుడు వచ్చి చెయ్యి వెయ్యకపోతే వాళ్ల దేవుడి పండగ జరగదు.

ఆ రాత్రే ఇంకో కార్యం ఉంది. భేటింగ్ అంటారు. ఆ మధ్య పెళ్లై వచ్చిన కోడళ్లను తెల్లటి ముసుగు వేసి తీసుకొచ్చి నాగోబా ముందు పెద్దల సమక్షంలో పరిచయం చేస్తారు. భేటింగ్ అయిన తర్వాతే ఆ కోడలికి వంశం పూజల్లో పాలు. అప్పటిదాకా పెళ్లి అయినా ఆమె ఆ దేవుడికి పరాయిదే. నాకు ఇది ఎప్పుడూ ఒక రకం పౌరసత్వ కార్యక్రమంలా కనిపిస్తుంది. సంతకం లేదు, రిజిస్టరు లేదు, కానీ వందల మంది సాక్షులున్నారు. ఈ భేటింగ్ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత కోర్టుల ప్రస్తావన వచ్చినప్పుడు అవసరపడుతుంది.

1940లలో హైమన్‌డార్ఫ్ ఈ జాతరలోనే దర్బారు మొదలుపెట్టించాడు. జనం ఎలాగూ వస్తున్నారు కదా, అధికారులే అక్కడికి వచ్చి వాళ్ల మొర వినాలని. ఇప్పటికీ ఏటా కలెక్టరూ, మంత్రులూ, ఎమ్మెల్యేలూ వచ్చి కూర్చుంటారు. వేదిక ప్రభుత్వానిది, ఆతిథ్యం మెస్రం వంశానిది. జిల్లా రాజకీయ నాయకులందరూ ఏడాదికి ఒకసారి ఒక వంశం వాకిట్లో అతిథులుగా నిలబడతారన్నమాట. 2022 డిసెంబరులో ప్రారంభించిన కొత్త గుడిని కూడా ఆ వంశంవాళ్లు తమలో తాము చందాలు వేసుకునే కట్టుకున్నారు. ఏ పార్టీ ఏ జెండా పట్టుకొచ్చినా ఇంత క్రమశిక్షణతో ఇన్ని ఊళ్ల మనుషుల్ని కదిలించే సంస్థ ఆ జిల్లాలో ఇంకొకటి నాకు కనిపించదు.

ఇక నాయకుడు ఎలా తయారవుతాడు? మన ఊళ్లలో కాంట్రాక్టులు చేసి, లేదా యువజన సంఘం పెట్టి. గోండు, కోలాం తెగల గూడేల్లో నాయకత్వానికి బడి పెళ్లి పంచాయితీ. గోండుల్లో పాత పద్ధతి కట్నం కాదు, ఓలి. పిల్లవాడి తరఫువాళ్లే ఇచ్చుకోవాలి. పెళ్లి పెద్దగా చెయ్యలేనివాళ్లకి వేరే దారులున్నాయి. ఇద్దరికీ ఇష్టమైతే పిల్లను తీసుకొచ్చేసి తర్వాత పెద్దలకు చెప్పుకోవచ్చు. మామగారింట్లో కొన్నేళ్లు పనిచేసి ఓలి బాకీ తీర్చుకోవచ్చు. అన్న చనిపోతే వదినను తమ్ముడు చేసుకోవచ్చు. భర్తతో పడని ఆడమనిషి ఇంకొకరి ఇంటికి వెళ్లిపోవచ్చు. అప్పుడు కొత్త భర్త పాత భర్తకు పరిహారం కట్టాలి. ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి? పంచ్ కూర్చుంటుంది. పట్లా ఉంటాడు, రెండు ఊళ్ల పెద్దలుంటారు. ఊళ్లన్నిటి మీద రాయి సెంటర్ ఉంది, దానికి సార్మేడి ఉన్నాడు. ఊరి పంచ్‌లో తేలనిది అక్కడికి పోతుంది.

ఈ పంచ్‌లో మాట చెల్లాలంటే రెండు కావాలి. మూడు తరాల వంశవృక్షాలు నోటికి రావాలి. రెండు పక్షాలకూ ఏదో వరస కలవాలి. ఒక్క పక్షానికే చుట్టమైతే తీర్పుకి విలువ లేదు. అటు బావ, ఇటు అన్న అయినవాడే తీర్పరి. అలాంటివాడి మాట నిలబడిందంటే నాలుగు ఊళ్లలో పేరు వస్తుంది. ఆ పేరే తర్వాత ఓటవుతుంది. గెలిచిన సర్పంచ్‌కి ఈ పెళ్లి తగువుల్లో కూర్చునే తెలివి లేకపోతే, చెక్కుల మీద సంతకం వరకే అతని అధికారం. మాట ఇంకొకరిది. పెద్దరికం ఇంకొకరిది. ఇలాంటి పంచ్‌ల గురించి రాసేవాళ్లు కొందరు వాటిని స్వర్గంలా చూపిస్తారు. నేను ఆ పని చెయ్యను. తన కాపురం గురించే మాట్లాడుతున్న పంచ్‌లో ఆడమనిషి తన గోడు చెప్పుకోవచ్చు గానీ, తీర్పు చెప్పేది చాలాచోట్ల మగవాళ్లే. పరిహారం డబ్బు చేతులు మారేదీ మగవాళ్ల మధ్యే.

1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం ఈ ఆచారానికి ఒక చోటు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో తమ సంప్రదాయాలనూ, ఆచారాలనూ, తగువులు తీర్చుకునే పాత పద్ధతులనూ కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని రాసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో దానికి తగ్గట్టు పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించింది. నియమాలు రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది. పదమూడేళ్లు! ఆ పదమూడేళ్లూ పంచ్‌లు ఎవరి నియమాల కోసమూ ఆగలేదనుకోండి.

ఇప్పుడు ఓట్ల లెక్కకి వద్దాం. సర్పంచ్ ఎన్నిక ఒక పంచాయతీకి. ఎంపీటీసీ, జడ్పీటీసీ అయితే చాలా ఊళ్లు. ఊరు దాటగానే లెక్క మారిపోతుంది. మన ఊళ్లో మన అన్నదమ్ములు మనకు పోటీ అయినా, పక్క ఊళ్లలో మన ఆడబిడ్డలున్నారు, మనకు పిల్లనిచ్చినవాళ్లున్నారు. దీపావళి ముందు దండారీ నాట్య బృందాలు గుస్సాడీ వేషగాళ్లతో కలిసి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విడిదికి వెళ్తాయి. అవి ఇష్టం వచ్చిన ఊరికి పోవు, వియ్యం ఉన్న ఊళ్లకు పోతాయి, వియ్యం కలుపుకోవాలనుకునే ఊళ్లకు పోతాయి. నిలబడ్డ అభ్యర్థి తిరిగే దారి చూస్తే చాలావరకు దండారీ తిరిగిన దారే.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చి 500 జనాభా దాటిన తండాలనూ గూడేలనూ విడి పంచాయతీలు చేసింది. మా ఊళ్లో మా రాజ్యం అని సంబరపడ్డారు. సంబరపడాల్సిందే. అంతకుముందు మైదానం ఊరి పెత్తందారు దయ మీద ఆధారపడ్డవాళ్లు వాళ్లు. కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మార్పు దానితో వచ్చింది. నాలుగైదు గూడేలు కలిసి ఒక పంచాయతీగా ఉన్నప్పుడు అందులో అన్నదమ్ములూ ఉన్నారు, వియ్యంకులూ ఉన్నారు. ఒకరి వేడిని ఇంకొకరు చల్లార్చేవాళ్లు. విడగొట్టాక కొన్ని చోట్ల మిగిలింది ఒకే వంశం ఇళ్లు ఎక్కువున్న గూడెం. అక్కడ పోటీ అంటే అన్నదమ్ముల పోటీయే. పంపకాల గొడవ బ్యాలెట్ పెట్టెలోకి వచ్చింది. అందుకే అలాంటి గూడేల్లో ఏకగ్రీవం చెయ్యాలని పెద్దలు అంత తపన పడతారు. ప్రభుత్వం ఇస్తానన్న ప్రోత్సాహకం డబ్బు ఒక కారణం, నిజమే. అన్నదమ్ముల్ని ఊరి మధ్యలో నిలబెట్టి చేతులెత్తి లెక్కపెట్టించకూడదన్న భయం ఇంకో కారణం.

ఈ లెక్కలో చోటు దక్కనివాళ్లూ ఉన్నారు. కోలాంలు గోండుల పక్కనే బతుకుతారు. చాలా గోండు ఊళ్లలో గ్రామదేవత పూజ కోలాం చెయ్యాల్సిందే. దేవుడి దగ్గర అంత అవసరమైన మనిషి, వియ్యం దగ్గరికి వచ్చేసరికి బయటివాడు. గోండులకీ కోలాంలకీ మధ్య పెళ్లి సంబంధాలు లేవు. కాబట్టి రెండు తెగలూ ఉన్న పంచాయతీలో కోలాం అభ్యర్థికి తన గూడెం ఓట్లు తప్ప బావమరుదుల ఓట్లుండవు. రిజర్వేషన్ ఎస్టీలందరికీ కలిపి ఒకటే కాబట్టి చట్టం దృష్టిలో అన్యాయమేమీ జరగలేదు.

కాస్త తూర్పుకి, గోదావరి వెంట కోయ నేలకు వెళ్దాం. కోయల్లో సగ బదులు గట్టు ఉంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, అలా ఏడు దాకా. నియమం అదే, ఒకే గట్టులో పెళ్లి లేదు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర మీకు తెలుసు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి. కోటిమంది జనం, బెల్లం, కోళ్లు, ట్రాఫిక్ జామ్ అని టీవీలు చూపిస్తాయి. నా కన్ను వేరే చోట పడుతుంది. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. ఆమె భర్త గోవిందరాజు కొండాయి నుంచి వస్తాడు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు ఎక్కడో పూనుగొండ్ల నుంచి అడవి దారిన నడుచుకుంటూ వస్తాడు. అంటే భార్యాభర్తలు వేరు వేరు ఊళ్లలో, వేరు వేరు వంశాల పూజారుల దగ్గర ఉంటారు. జాతరకే కలుస్తారు. నాలుగు ఊళ్లు వియ్యంకులై నిలబడితే తప్ప దేవతలు గద్దె మీదికి రారు. జాతర తేదీలు చెప్పాల్సింది ఆ పూజారులే. ప్రభుత్వం ఎంత డబ్బు పెట్టినా, ఎంత పెద్ద మంత్రి వచ్చినా, కొండాయి వాళ్లనో పూనుగొండ్ల వాళ్లనో పక్కకి నెట్టి ఏర్పాటు చేస్తానంటే కుదరదు. ఆ ఊళ్లకి ఓట్లు ఎన్నో నాకు తెలియనక్కర్లేదు. వియ్యంకుడి మర్యాద చెడితే ఏమవుతుందో తెలుగువాళ్లకి ఒకరు చెప్పాలా?

ఆదిలాబాద్‌కి మళ్లీ ఒక్క మాట కోసం వెనక్కి వస్తాను. లంబాడాలు తెలంగాణలో 1976 సవరణ చట్టంతో ఎస్టీ జాబితాలో చేరారు. సరిహద్దు దాటితే మహారాష్ట్రలో బంజారాలు ఎస్టీలు కారు. రాథోడ్, పవార్, చౌహాన్ గోత్రాల సంబంధాలు మాత్రం రాష్ట్రాల గీతలు చూసుకోకుండా కలుస్తాయి. చుట్టరికం చెప్పుకుని అటునుంచి వచ్చి ఇక్కడ సర్టిఫికెట్ తీసుకుంటున్నారని ఆదివాసీ సంఘాల ఆరోపణ. మేం తరతరాలుగా ఇక్కడివాళ్లమేనని లంబాడాల జవాబు. 2017 చివర్లో ఈ గొడవ ఘర్షణల దాకా పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆదిలాబాద్ లోక్‌సభ స్థానం ఎస్టీలకు రిజర్వు అయ్యాక 2009లో లంబాడా నాయకుడు రమేశ్ రాథోడ్ గెలిచారు. ఆ తర్వాత 2014లో గోడం నగేశ్, 2019లో సోయం బాపురావు, 2024లో మళ్లీ గోడం నగేశ్. మూడుసార్లూ గోండులే. నగేశ్ ఒకసారి టీఆర్‌ఎస్ నుంచి, ఒకసారి బీజేపీ నుంచి. గోండులూ లంబాడాలూ ఒకే జాబితాలో పక్కపక్కన ఉన్నా వాళ్ల మధ్య వియ్యం లేదు. చట్టం ఒకటిగా రాసిన వర్గాన్ని పెళ్లి ఒకటి చెయ్యలేదు.

ఇక్కడే కోర్టుల సంగతి. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం ఎస్టీలకు, ఒకటి జనరల్. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి అక్కడ పోటీ చేశారు. రిజర్వుడు స్థానం ఒక గిరిజన అభ్యర్థికి వెళ్లింది. జనరల్ స్థానం కూడా మరో గిరిజనుడికే వెళ్లింది, మూక దొర తెగకు చెందిన డిప్పల సూరి దొరకి. ఆయనకు గిరి గారి కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి మరి. గిరి గారు కోర్టుకెక్కారు. ఎస్టీగా నామినేషన్ వేసినవాడు జనరల్ స్థానం తీసుకోకూడదన్నది ఒక వాదన. రెండో వాదన మనకు కావాల్సింది. సూరి దొర కుటుంబం ఎప్పటినుంచో కాగితాల్లో తమను క్షత్రియులని రాసుకుంటోంది, జంధ్యం వేసుకుంటోంది, పెళ్లిళ్లు క్షత్రియ పద్ధతిలో చేసుకుంటోంది, కాబట్టి ఆయన గిరిజనుడు కాదు అని. ఒక లోక్‌సభ సీటు కోసం ఒక ఇంటి పెళ్లి తంతు సుప్రీంకోర్టు మెట్లెక్కింది!

1959లో కోర్టు గిరి గారి అప్పీలు కొట్టేసింది. కులం పుట్టుకతో వచ్చేది, తనకు తాను క్షత్రియుడినని రాసుకుంటే చాలదు, ఆ కులంవాళ్లు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నారనడానికి సాక్ష్యం లేదు అన్నది. ఒక న్యాయమూర్తి మాత్రం విభేదించారు. ఒప్పుకోవడమంటే ఏమిటో కోర్టు పెద్ద మాటల్లో చెప్పింది. ఊళ్లో అయితే చిన్న మాట చాలు: వాళ్లు నీకు పిల్లనిస్తారా?

అదే ప్రాంతంలో, శృంగవరపుకోట ఎస్టీ అసెంబ్లీ స్థానంలో 1999లో గెలిచిన ఒక సభ్యురాలి ఎన్నిక మీద కూడా ఇలాంటి కేసే నడిచింది. ఆమె తండ్రి గిరిజనేతరుడు, తల్లి భగత తెగ, పెళ్లి చేసుకున్నదీ భగత తెగ మనిషినే. 2005లో సుప్రీంకోర్టు ఆమె ఎస్టీ కాదని తేల్చింది. పెళ్లితో కోడలు అత్తింటి తెగలో కలిసినా, రిజర్వుడు సీటుకి నిలబడే హక్కు పెళ్లితో రాదు అన్నది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న భేటింగ్ ఇక్కడికి పనికొస్తుంది. కేస్లాపూర్‌లో దేవుడి ముందు కోడల్ని వంశంలో కలుపుకుంటారు. ఎన్నికల అధికారి ముందు ఆమె పుట్టిల్లే లెక్క. రెండూ తమ తమ చోట సబబే. కోర్టు అంత కచ్చితంగా ఉండకపోతే ఏజెన్సీలో పెళ్లిని రిజర్వుడు సీటుకి దొడ్డిదారి చేసుకునేవాళ్లకి కొదవ ఉండదు.

ఆ దొడ్డిదారి ఇంకో వైపు నుంచి ఎలాగూ తెరిచే ఉంది. ఒకటి బై డెబ్బై చట్టం గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదంటుంది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్పంచ్ పదవి గిరిజనులదే అని పెసా అంటుంది. అందులో ఆడవాళ్లకి సగం. మైదానం నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు గిరిజన అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు. ఒకప్పుడు భూమి ఆమె పేరు మీద ఉండేది, ఇప్పుడు సర్పంచ్ పదవి కూడా ఆమె పేరు మీద ఉంటుంది. సంతకం ఆమెది, సంచి ఆయనది. చట్టం ప్రకారం ఆమె పుట్టుకతో గిరిజనురాలు, పోటీ చెయ్యొచ్చు. అలాంటి పెళ్లిళ్లన్నీ మోసమని నేను అనను. ఇష్టపడి చేసుకుని చక్కగా కాపురం చేసేవాళ్లున్నారు. కానీ గూడెం ఆమెను చూసే చూపు వేరు. మామూలుగా ఆడబిడ్డ పెళ్లై వెళ్తే ఇంకో ఊరు మనకు వియ్యమవుతుంది. ఈ పెళ్లితో వియ్యమైన ఊరేది? ఆ అల్లుడు ఎవరి జాతరలో పుట్ట చేస్తాడు, ఎవరి పంచ్‌లో కూర్చుంటాడు?

వాళ్ల పిల్లల విషయం ఇంకా చిక్కు. తండ్రి గిరిజనేతరుడు, తల్లి గిరిజనురాలు అయితే పిల్లలది ఏ వర్గం? 2012లో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, తండ్రి కులమే అని కళ్లు మూసుకుని చెప్పలేం, బిడ్డ ఎవరి మధ్య పెరిగింది, ఏ కష్టం పడింది, ఎవరు తమవాడనుకున్నారు అన్నది చూడాలని చెప్పింది. మంచి మాటే. ఆ ప్రకారం తహసీల్దారు విచారణ చేసి సర్టిఫికెట్ ఇస్తాడనుకుందాం. ఆ కుర్రాడు రేపు వార్డు మెంబరుగా నిలబడవచ్చు, గెలవవచ్చు కూడా. గూడెం పెద్దలకు మాత్రం తహసీల్దారు విచారణలో లేని ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. సగ తండ్రి నుంచి వస్తుంది. ఇతనికి సగ లేదు. ఇతనికి అన్నదమ్ములు ఎవరు, బావలు ఎవరు, ఏ ఇంటి పిల్లను అడగాలి? ఇప్పుడు పెళ్లీడుకొస్తున్న అలాంటి పిల్లలు ఉన్న గూడేల్లో ఈ ప్రశ్న పంచ్ ముందుకు వస్తోంది. ఒక్కో పంచ్ ఒక్కో రకంగా చెబుతోంది.